బొట్టు కింద ఎర్ర లైటు

ఏవండీ, పెళ్లి షూటింగు నుంచి రాగానే ముందు ఇది చదవండి, ఆ తర్వాతే స్టూడియోలోకి వెళ్లండి.

వీడియోలు దాచే డబ్బాని ఆపొద్దు, కదిలించొద్దు. రెండు డిస్కుల్లో కింది దాని లైటు ఎర్రగా వెలుగుతోంది, అంటే అది పోయినట్టే. రెండింట్లోనూ అవే వీడియోలుంటాయిగా, ఇప్పుడు పై దాని లైటు ఆకుపచ్చగా ఉంది, అదొక్కటే బతికుంది. పొరపాటున దాన్ని లాగారో, అంతా గంగలో కలిసినట్టే. కొత్త డిస్కు కోసం నేను గుంటూరు బస్సెక్కుతున్నా.

ఆ ఎర్ర లైటు ఎప్పుడు వెలిగిందో తెలుసా? నాకూ తెలీదు! దసరాకి ఆయుధపూజ చేసి నేను పెట్టిన కుంకుమ బొట్టు సరిగ్గా దాని మీదే పడింది. రోజూ ఎర్రగా కనిపిస్తుంటే బొట్టే అనుకున్నా. ఇవాళ గుడ్డ పెట్టి తుడిస్తే బొట్టు పోయింది గానీ ఎరుపు పోలేదండీ!

వినుకొండ వాళ్ల పెళ్లి వీడియో ఇంకా ఇవ్వలేదు. తాళి మళ్లీ కట్టమని అడగలేం కదా!

అన్నం, గోంగూర పప్పు మూతపెట్టి ఉంచా.

సామ్రాజ్యం

మన పెళ్లిది కూడా అందులోనే ఉంది. అసలు క్యాసెట్టు మీద మీరు క్రికెట్ మ్యాచ్ ఎక్కించేశాక, నాకు మిగిలింది ఆ ఆకుపచ్చ లైటే.