బాపు ఊదని ఊపిరి

జూన్ 9
కరీంనగర్. ఊపిరితిత్తిలో గడ్డ ఉన్న బాపుకు ఊపిరి పరీక్ష. గొట్టంలో ఊదమంటే దగ్గు. మూడుసార్లూ దగ్గే.
క్యాన్సర్ డాక్టరమ్మ చెప్పింది — అందరికీ ఒకే లెక్కన కరెంటు, అదే రేడియేషన్, పెట్టే రోజులు పోయాయట. పాత స్కానులు, పాత ఊపిరి పరీక్షలు, ఇదివరకటి రోగుల వివరాలు కంప్యూటర్లో వేసి, బాపు ఊపిరితిత్తి ఎంత తట్టుకుంటుందో అంతే రేడియేషన్ ఇస్తారట. "గని దవాఖాన కాగితాలుంటే తీసుకరా అమ్మా." ఉండకేం! చిట్టీముక్క కూడా పారేయడు ఈయన. కొంచెం ధైర్యం వచ్చింది.

జూన్ 11
కాగితాలు ఇచ్చాను. ముప్పై ఏళ్లు బొగ్గు తవ్విన మనిషి ఊపిరంటే నమ్మలేనంత మంచి అంకెలు. డాక్టరమ్మ ముఖం విప్పారింది. "మొన్న దగ్గుకు సరిగ ఊదలేదన్నట్టు. పాతవే పట్టుకుందాం. గట్టి డోసు తట్టుకుంటడు."
బాపు తలెత్తలేదు. సంతోషపడడేం?

జూన్ 12
అన్నం కలుపుతూ ఆగిపోయాడు.
"గవి నా ఊపిరి కాదు బిడ్డా. మీ చిన్నాయనది."
అన్‌ఫిట్ రాస్తే గని దిగనివ్వరని, ఏటా పరీక్షకు తమ్ముణ్ని తన పేరుతో పంపాడట. చిన్నాయనది పైన వర్క్‌షాపులో పని, దుమ్ము లేదు. ఇద్దరిదీ ఒకటే పోలిక. "నేనొక్కన్నేనా? శానమంది గట్లనే చేసిన్రు."
అరిచాను. అరిచాక ఏడుపొచ్చింది. ఆ జీతంతోనే కదా నేను చదివింది...
"డాక్టరమ్మకు చెప్పకు. వాని నౌకరి పోతది." చేతిలో చెయ్యి వేయించుకున్నాడు.

జూన్ 14
చిన్నాయనకు ఫోన్ చేశాను. డాక్టరమ్మకు చెప్పనా అని అడిగాను. "ఇంక రెండేండ్ల సర్వీసున్నది..." మళ్లీ ఆయనే — "చెప్పు బిడ్డా. అన్న ఉండాలె ముందు."

జూన్ 16
రేపే మొదటి కరెంటు. బాపు గడ్డం గీసుకున్నాడు.

జూన్ 17
చెప్పేశాను. బాపును లోపల బల్ల మీద పడుకోబెట్టబోతుంటే.
డాక్టరమ్మ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. మిషను ఆపించింది. "గంత డోసు ఇస్తే ఉన్న ఊపిరి గూడ పోతుండె." మరి తగ్గిస్తే గడ్డ లొంగుతుందా? "ఇప్పుడే చెప్పలేనమ్మా."
ఆటోలో బాపు నా వైపు చూడలేదు. ఒట్టు తప్పిన కూతుర్ని.

జూన్ 19
మళ్లీ పరీక్ష. దగ్గు తగ్గేదాకా కూర్చోబెట్టారు. ఈసారి నిజంగా ఊదాడు — మెడ నరాలు తేలేలా, కళ్లలో నీళ్లొచ్చేలా. కాగితం బయటికొచ్చింది. చిన్న అంకె.
"గింతేనా బిడ్డా?"
రెండు రోజుల తర్వాత నాతో మాట్లాడిన మొదటి మాట. భుజం మీద చెయ్యేశాను. తీసేయలేదు.
ఈ ఊపిరి కరెంటుకు సరిపోతుందో లేదో సోమవారం చెబుతారట.