రోజుకో అడ్రసు మార్చే సర్వర్

బాబాయ్‌కి నమస్కారాలు.

నేనిక్కడ క్షేమం, నా ఉద్యోగం మాత్రం కాదు. నువ్వు ఫోనెత్తవు కనుక ఉత్తరమే గతి. మా కంపెనీ సర్వర్‌గాడు క్లౌడ్‌లో ఉంటాడు. రోజూ పొద్దున్నే వాణ్ని నేనే లేపాలి. లేచిన ప్రతిసారీ కొత్త అడ్రసు! డీఎన్‌ఎస్ అని పేర్ల పట్టిక ఒకటుంది. అందులో వాడి పేరు ఎదుట కొత్త అడ్రసు రాయకపోతే కస్టమర్లు పాత చోటికి పోయి, అక్కడెవరూ లేక మమ్మల్ని తిట్టుకుంటారు. ముప్పై ఏళ్లు ఉత్తరాలు పంచిన పోస్ట్‌మాన్‌వి, నా బాధ నీకే అర్థమవుతుంది.

లేపడం, రాయడం రెండూ వాటంతటవే జరిగేలా షెల్ స్క్రిప్టు రాశాను. అది లేపుతోంది కానీ పాత అడ్రసే రాస్తోంది. ఎందుకో బుర్రకెక్కడం లేదు. నెలాఖరులోగా కుదరకపోతే ఇంటికి పొమ్మన్నాడు మేనేజరు.

నీ అన్న కూతురు,
పిచ్చుక

తా.క. నిన్న వాణ్ని లేపబోయి పొరపాటున లేపేశాను. అరగంటలో అలాంటివాణ్నే ఇంకొకణ్ని పుట్టించాను. ఎవరికీ చెప్పకు.

---

చిరంజీవి పిచ్చుకకు బాబాయి ఆశీస్సులు.

నీ ఉత్తరం చదవగానే లేచి తలుపు గడియ వేశాను. ఆ తా.క. ముక్క చింపి పొయ్యిలో వేశాను. ఇక ఆ ఊసెత్తకు.

నా అనుభవంలో రోజుకో అడ్రసు మార్చేవాడు ముఖం చాటేసేవాడే. పైగా మేఘాల్లో తేలే మనిషి! వాడు లేవకపోతే నీ ఉద్యోగం ఊడటం ఏం న్యాయం? మా వీధి హోటల్లో బంగారం లాంటి సర్వర్ ఉన్నాడు. ఇరవై ఏళ్లుగా ఒకటే అడ్రసు. ఎవరూ లేపక్కర్లేదు. పంపమంటావా?

ఇట్లు,
బాబాయి

తా.క. షెల్ అంటే గవ్వ, స్క్రిప్టు అంటే నాటకం అన్నాడు మా ఇంగ్లీషు మాస్టారు. గవ్వల నాటకం ఆడితే మనుషులు నిద్ర లేస్తారా?

---

నా బంగారు బాబాయ్‌కి,

చింపినందుకు థాంక్స్. తొందరలో నీ ఉత్తరం అక్కడో ముక్కా ఇక్కడో ముక్కా చదివాను, ఆ ముక్కలకే ఎగిరి గంతేశాను. అడ్రసు మారని సర్వరా! రిటైరయ్యాక కంప్యూటర్లు నేర్చుకున్నావని చెప్పనేలేదే! మెమరీ ఎంత? ఒకేసారి ఎంతమందిని చూసుకోగలడు? మేనేజరుకు చెప్పేశాను. సోమవారం తొమ్మిదికల్లా పంపు.

పిచ్చుక

తా.క. పని ఎక్కువైతే వేడెక్కుతాడా?

---

చిరంజీవి పిచ్చుకకు,

మెమరీ అమోఘం. పన్నెండు బల్లల ఆర్డర్లు కాగితం లేకుండా ఒప్పజెబుతాడు. ఒకేసారి నలభై మంది! నీ మీద నమ్మకంతో హోటల్లో పని మానేశాడు. సోమవారం వస్తున్నాడు.

బాబాయి

తా.క. వేడెక్కడు. ఎవరైనా చిటికేసి పిలిస్తే మాత్రం కాస్త.

---

బాబాయ్‌కి,

వచ్చాడు. నీ రెండో ఉత్తరం మాత్రం అతని తర్వాత చేరింది. నీ మాట నమ్మి ఆ రోజు పాతవాణ్ని లేపొద్దన్నాడు మేనేజరు. సరిగ్గా తొమ్మిదికి ఇస్త్రీ చొక్కాతో, చేతిలో ట్రేతో నీ సర్వర్ ప్రత్యక్షం! మేనేజరు ముఖం చూస్తే నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే నా స్క్రిప్టు నడిపాను. మళ్లీ పాత అడ్రసే. నీ సర్వర్ నా వెనక నిలబడి అంతా చూశాడు.

"ఏమైందమ్మా?" అన్నాడు. చెప్పాను.

"లేపీ లేపగానే అడ్రసు రాసేస్తే ఎట్లా? కస్టమరు కూర్చోకముందే టేబుల్ నంబరు రాసుకుంటే కాఫీ ఇంకెవరికో పోతుంది. కూర్చున్నాడా, కూర్చున్నాడా అని చూస్తూ ఉండాలి. కూర్చున్నాక రాసుకోవాలి."

నా తప్పు అదే బాబాయ్! కొత్త అడ్రసు రాకముందే రాసేస్తున్నాను. 'వచ్చిందా?' అని అయిదు సెకన్లకోసారి అడిగి, వచ్చాకే రాసేలా నాలుగు లైన్లు కలిపాను. అంతే, వారమంతా వాడంతట వాడే లేచాడు, పట్టికలో అడ్రసూ దానంతటదే మారింది.

నిన్న మేనేజరు పిలిచి మెచ్చుకున్నాడు. "రోజూ వాణ్ని లేపడానికే కదా నిన్ను పెట్టుకుంది? ఇప్పుడు వాడే లేస్తున్నాడుగా!" అన్నాడు. కుదరకపోతే ఇంటికే, కుదిరినా ఇంటికే! నీ మనిషికి మాత్రం కస్టమర్ల ఫోన్లెత్తే సీటిచ్చాడు.

ఆ సర్వరే జాలిపడి మీ వీధి హోటల్ యజమానికి ఫోన్ చేశాడు. వచ్చే సోమవారం నుంచి అక్కడ అతని చోట సర్వర్‌ని నేనే.

పిచ్చుక

తా.క. పని నేర్చుకోమంటే ఇవాళే మీ వీధికి వచ్చాను, నీకు ముఖం చూపలేక ఉత్తరమే రాస్తున్నాను. వస్తూనే ట్రేతో సహా జారిపడ్డాను. "సర్వర్ డౌన్!" అని అరిచింది నేను కాదు, మూడో టేబుల్ వాళ్లు.