ఏడో నెల పాప

కరుణా,

ఇప్పుడే నీకు కునుకు పట్టిందని లేపలేదు. పాప టానిక్ ఆళ్లగడ్డలో దొరకలేదు, నంద్యాల పోతున్నాను.

అమ్మ నీళ్లు కాచినా సరే, పాపకు స్నానం వద్దు. బరువు పెరిగేదాకా గోరువెచ్చని గుడ్డతో తుడిస్తే చాలన్నారు డాక్టరమ్మ. పాపను రొమ్ముకు ఆనించుకుని పైన శాలువా కప్పుకో. నీ పాలు ఉగ్గుగిన్నెలోకి పిండి, కొంచెం కొంచెంగా పట్టు. నీ రక్తం మాత్రలు కిటికీలో ఉన్నాయి. మరిచిపోయానని మళ్లీ అనకు.

బొప్పాయి తిన్నందుకే పాప ముందుగా పుట్టిందని ఇంకా ఏడుస్తున్నావు. రక్తం తక్కువైతే ఇట్లా కావచ్చన్నారు డాక్టరమ్మ, బొప్పాయి పేరే ఎత్తలేదు. భయపడిన మనసుకు తిట్టుకోవడానికి ఎవరో ఒకరు కావాలేమో. శిరివెళ్లలో ఆ పండు కొనిచ్చింది నేనే, నన్ను తిట్టు.

రత్నం

ఇంకొకటి. ఏడో నెల బిడ్డ బతుకుతుంది గానీ ఎనిమిదో నెల బిడ్డ నిలవదని అమ్మ భయం. అందుకే మన పాప ఎనిమిదో నెలలో పుట్టినా, కొళాయి దగ్గర అందరికీ ఏడో నెలేనని చెబుతోంది. కాదనకు. ఇందాక నేను చొక్కా వేసుకుంటుంటే పాప చెవిలో అంటోంది: "ఎవురడిగినా ఏడో నెలే అని చెప్పు మే. నోరు జారేవు, చూడు!"

పాప ఆవులించింది. ఒప్పుకున్నట్టే ఉంది.