మొదటి గ్లాసు నీళ్ళు

అమ్మకు,

నీ పెద్దకూతురు నమస్కరించి రాయునది. ఇక్కడ నేను, మీ అల్లుడు, నీ మనవరాలు ముగ్గురం క్షేమం. క్షేమం అంటే జ్వరాలూ జలుబులూ లేవని అర్థం. మిగతా సంగతి చివరిదాకా చదివి నువ్వే తేల్చు. కళ్ళజోడు పెట్టుకుని నువ్వే చదువు, పక్కింటావిడ చేత చదివించుకోకు. ఫోనులో చెప్పొచ్చుగా అంటావు. ఫోనులో అయితే నువ్వు సగంలోనే ఏడుస్తావు, నేను సగంలోనే అరుస్తాను.

ముందు నీ ప్రశ్నలు. మీ అల్లుడు సిగరెట్లు మానేశాడు, మానేసినట్టు రోజూ నాలుగుసార్లు చెబుతున్నాడు కూడా. నువ్వు పంపిన గౌను నీ మనవరాలికి పొడుగైతే మడిచి కుట్టాను. ఆ కుట్టు చూస్తే నన్ను కూతురని ఎవరికీ చెప్పుకోవు. మోకాళ్ళ నొప్పికి కుట్టుమిషను తొక్కడం తగ్గించమంటే డాక్టరుని "ఆయనకేం తెలుసు" అన్నావట, తమ్ముడు చెప్పాడు. ఆయనకే తెలుసమ్మా. తగ్గించు.

ఇక మూడో ప్రశ్న. "ఆ బడి నీళ్ళు మంచివని నువ్వే కాగితం ఇచ్చి, మళ్ళీ నువ్వే చెడ్డవంటే ఎలాగే? రేపట్నుంచి మీ సైన్సు మాట ఎవరు నమ్ముతారు?" అని రాశావు. అచ్చం మా ల్యాబు పెద్దసారు అన్న మాటే. మీరిద్దరూ ఎప్పుడు కూడబలుక్కున్నారో గానీ, ఆయనకి చెప్పిందే నీకూ చెబుతాను.

నా పని నీకు తెలిసిందే. కుళాయి నీళ్ళు సీసాల్లో పట్టి తెచ్చి, ల్యాబులో పరీక్షించి, తాగొచ్చో లేదో రాసి సంతకం పెట్టడం. పదిహేడేళ్ళుగా కుళాయి దగ్గరికి వెళ్ళగానే మేం మొదట చేసేది ఒకటే. కుళాయి పూర్తిగా తిప్పి ఐదు నిమిషాలు నీళ్ళు పారనిస్తాం. కుళాయి మూతికి పట్టిన మురికి సీసాలో పడకూడదని. క్రిములు వెతికే పరీక్షకి అది సరైన పద్ధతే. కానీ పాత గొట్టాల్లోంచి నీళ్ళలోకి సీసం దిగుతోందేమో చూడాల్సి వచ్చినప్పుడు కూడా అదే చేశాం. చెయ్యి అలవాటు పడిపోయింది, బుర్ర అడ్డుపడలేదు. సీసం దిగేది రాత్రంతా నీళ్ళు గొట్టంలో కదలకుండా నిలిచినప్పుడు. ఐదు నిమిషాలు పారిస్తే ఆ నీళ్ళన్నీ కాలువపాలు. ఇక మా సీసాలోకి వచ్చేవి అప్పుడే వచ్చిన తాజా నీళ్ళు. పరీక్ష బ్రహ్మాండంగా పాసవుతుంది.

ఆ బడిలో ఒక ఆయమ్మ ఉంది. గంట కొట్టేదీ, గదులు ఊడ్చేదీ, పిల్లల్ని కుళాయి దగ్గర వరసలో నిలబెట్టేదీ ఆవిడే. నేను కుళాయి తిప్పి గడియారం చూస్తుంటే చీపురు పట్టుకుని వచ్చి నిలబడింది.

"మేడమ్‌గారూ, మీరు పారబోసే నీళ్ళే మా పిల్లలు తాగేది. బడి తియ్యగానే మొదటి గ్లాసు కోసం కొట్టుకుంటారు, చల్లగా ఉంటాయని. మీరు పట్టుకెళ్ళే నీళ్ళు ఇక్కడెవరూ తాగరు."

పోయిన నెల ఆ బడి గొట్టం పగిలితే మళ్ళీ పరీక్షకి వెళ్ళాను. ప్లంబరు కోసి పడేసిన ముక్క గోరుతో గీకి చూస్తే మెత్తగా, వెండిలా మెరిసింది. అది సీసపు గొట్టం. మర్నాడు బడి తియ్యకముందే వెళ్ళి, చుక్క కూడా పారనివ్వకుండా పట్టాను. మూడు రోజులు వరసగా పట్టాను. ఉండొచ్చన్న హద్దుకి ఆరు రెట్లు సీసం తేలింది. పిల్లల బుర్ర ఎదుగుదలని చడీచప్పుడు లేకుండా తినేస్తుందమ్మా అది. ఆ పూటే పిల్లలు తాగకుండా ఆ కుళాయి కట్టేయించాను.

పెద్దసారు చెడ్డవాడు కాదు, భయస్తుడు. తలుపు మూసి అన్నాడు, "గొట్టాలు గుట్టుగా మార్పించేద్దామమ్మా. కొత్త రిపోర్టు వద్దు. మనం తప్పు చేశామని మనమే అంటే, రేపు టీకా వేయించుకోమన్నా జనం నమ్మరు. సైన్సు పరువు మన చేతుల్లో ఉంది."

"పరువు మనది సార్. సైన్సుకి పరువెక్కడిది, పనే ఉంది," అన్నాను. "గుట్టుగా మారిస్తే, ఇన్నాళ్ళూ తాగిన పిల్లలకి రక్తపరీక్ష ఎవరు చేయిస్తారు? మనం ఇలాగే పాస్ చేసిన మిగతా బడుల మాటేమిటి?"

ఆయన బల్ల మీద పెన్ను దొర్లించి, చివరికి దిగొచ్చాడు. "సరే, రాయి. కానీ లోపం గొట్టం పగిలినప్పుడే బయటపడినట్టు రాయి. నీ మీదకి ఏమీ రాదు. పైగా మెచ్చుకుంటారు."

అమ్మా, ఇప్పుడు, పెద్దసారుకి చెప్పి నీకు చెప్పకుండా దాటేసిన సంగతి. ఆయమ్మ ఆ మాట అన్నది పోయిన నెల కాదు. రెండేళ్ళ కిందట. ఆ రోజు నేను నవ్వాను. "పద్ధతంటే పద్ధతే ఆయమ్మా, నీకు చెప్పినా అర్థం కాదు," అన్నాను. ఆవిడ చీపురు తీసుకుని వెళ్ళిపోయింది. సైన్సంటే అడగడమే అని నీ మనవరాలికి పాఠం చెప్పే నోటితోనే, అడిగినావిడ నోరు మూయించాను. ఆవిడ చేతిలో చీపురు ఉంది కాబట్టి. అదే ఒక డాక్టరు అడిగుంటే ఆ సాయంత్రమే మళ్ళీ పరీక్ష చేసేదాన్ని. సిగ్గుతో చచ్చిపోతున్నానమ్మా.

ఇంకా ఉంది. రిపోర్టులో "లోపం మొదట గమనించినవారు" అని ఒక గడి ఉంటుంది. అక్కడ ఆయమ్మ పేరు రాశాను. తేదీ మాత్రం పెద్దసారు చెప్పిందే వేశాను. నిన్న సంతకం కోసం బడికి తీసుకెళ్ళాను. ఆవిడ మెట్ల మీద కూర్చుని అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివింది.

"తేదీ తప్పు మేడమ్‌గారూ. నేనడిగింది మా మనవడు ఒకటో తరగతిలో చేరిన యేడు. ఇప్పుడు వాడు మూడో తరగతి."

ఆవిడ మనవడు ఆ బడిలోనే చదువుతున్నాడని నాకు అప్పటిదాకా తెలియదు. వాడూ ఆ వరసలో నిలబడ్డవాడే. నేను క్షమించమనబోతే చెయ్యి అడ్డుపెట్టింది.

"అదంతా తర్వాత. ముందు వాడి రక్తం కాగితం ఇప్పించండి."

మా ల్యాబులో తప్పు రాతని చెరపకూడదు. చదవడానికి వీలుగా ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది రాసి సంతకం పెట్టాలి. అక్కడే మెట్ల మీద గీత కొట్టాను. రెండేళ్ళ కిందటి తేదీ వేసి సంతకం పెట్టాను. కింద ఆవిడ పెట్టింది. ఎవరు నమ్ముతారని అడిగావుగా. నన్ను నమ్మమని ఆవిడని అడగడం లేదమ్మా. రేపటినుంచి పరీక్ష కోసం ఆ కుళాయి విప్పినప్పుడల్లా మొదటి సీసా ఆవిడే పడుతుంది, ల్యాబులో నా పక్కన నిలబడి ఎంత తేలిందో ఆవిడే చూస్తుంది. పెద్దసారు ఆ గీత చూసి, విచారణ తప్పదన్నాడు. వేసుకోమన్నాను.

ఎల్లుండి బడిలో తల్లిదండ్రుల మీటింగు. రిపోర్టు నేనే చదువుతాను, ఆ తేదీతో సహా. తిడతారు. తిట్టనీ. పిల్లలందరికీ రక్తపరీక్ష జరిపిస్తామని రాసిచ్చేదాకా ఆ గదిలోంచి నేను కదలను, పెద్దసారునీ కదలనివ్వను.

ఉద్యోగం ఊడితే నీ దగ్గరికొచ్చి బొత్తాలు కుడతాను. వంకరగానే కుడతాను. చిన్నప్పటిలాగే ముందు నా చేతే విప్పించు, ఆ తర్వాత కుట్టించు.

మోకాళ్ళు జాగ్రత్త.

ఇట్లు,
నీ మొండి కూతురు