నాయిన పడలేదు

12 డిసెంబర్ 2007
సినిమా వాళ్ళొచ్చారు. దుమ్ముగూడెం దాటాక మా ఊరి వాగు దగ్గర ఫైట్ తీస్తారట. హీరో ఒక్కడే వందమంది అడవి మనుషుల్ని కొడతాడట. ముప్ఫై మందితో తీసి మిగతావాళ్ళని కంప్యూటర్లో పుట్టిస్తారని వీరబాబు అన్న చెప్పాడు. పెదనాయిన కొడుకు. పెదనాయిన పోయాక మా ఇంట్లోనే పెరిగాడు. ఇప్పుడు యూనిట్‌కి లోకల్ మేనేజర్. కాళ్ళు భూమ్మీద ఆనడం లేదు.

14 డిసెంబర్
ఫైట్ మాస్టర్‌కి నాయిన కొమ్ములు కావాలట. భూమి పండుగ ఆటకి తలకి కట్టే అడవిదున్న కొమ్ములు. నాయిన వద్దన్నాడు. మా ఊళ్ళో అవి నేల తాకకూడదు. తాకితే ఆ తల మళ్ళీ వాటిని మోయకూడదు. నాయినకి వేరే గొప్ప ఏముంది? ఏడాదంతా కూలి. పండుగ నాడు మాత్రం ఊరంతా ఆయన వెనక నడుస్తుంది.

అన్న వచ్చి కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. నువ్వు ఊకె నిలబడితే చాలు చిన్నాయినా, పడేదేం లేదు, నా మీద ఒట్టు అన్నాడు. నాయిన ఒప్పుకున్నాడు.

15 డిసెంబర్, సాయంత్రం
భద్రాచలంలో డీటీపీ సెంటర్‌కి సెలవు పెట్టి షూటింగ్‌కి వెళ్ళాను. పచ్చగుడ్డ ముందు నాయినని నిలబెట్టారు. హీరో బారెడు దూరంలో గాల్లోకి కాలు విసిరాడు. నాయిన కదల్లేదు. తర్వాత ఒకతను ఆయన చుట్టూ తిరిగి ముందు, వెనక, పక్కల నుంచి, గడ్డం కింద నుంచి కూడా ఫోటోలు తీశాడు. ఎందుకని అడిగితే కంటిన్యూటీకి, షాట్లు ఒకదానికొకటి కలవడానికి అన్నాడు అన్న. రోజూ ఫోటోషాప్ చేసేదాన్ని. నమ్మాను!

16 డిసెంబర్
కొమ్ములు ఇంటికొచ్చాయి. వాటి మీద గీత కూడా పడలేదు.

9 మే 2008, మ్యాట్నీ నుంచి వచ్చాక
ఊరంతా ట్రాక్టర్లలో వెళ్ళాం. నాయిన కొత్త తువ్వాలు వేసుకున్నాడు. తెర మీద కనబడగానే మావాళ్ళు విజిల్స్ వేశారు. హీరో తన్నాడు. నాయిన గాల్లోకి లేచాడు. పల్టీలు కొట్టి తలకిందులుగా బురదలో పడ్డాడు. స్లోమోషన్‌లో. కొమ్ములు విరిగాయి. హీరో వాటిని తొక్కాడు. హాలంతా చప్పట్లు. మావాళ్ళు తెర వదిలి నాయిన వైపు తిరిగారు.

పక్కన నాయిన తన తల తడుముకున్నాడు.

ఆయన పడలేదు. నేనక్కడే ఉన్నాను. పడలేదు!

10 మే
అన్నని నిలదీశాను. తెలుసట. ఫోటోలు తీసిన రోజే తెలుసట. చెప్తే చిన్నాయిన ఒప్పుకుంటడా, అయినా ఎవలకు దెబ్బ తగిలింది, అంత గ్రాఫిక్సే గదా అన్నాడు. నవ్వుతూ అన్నాడు. మా అమ్మ చేతి ముద్ద తిన్న నోరు! తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం అంటే ఇదే. థూ.

13 మే
నాయిన కొమ్ములు నేల తాకాయని ఊళ్ళో పంచాయితీ పెడతారట. ఊరి పెద్ద జంపయ్య తాతకి విరగని కొమ్ములు చూపించినా వినలేదు. మా కండ్లతోని చూసినం అంటాడు. సరే, కళ్ళకే చూపిద్దామనుకున్నాను. తాత ఫోటోకి కొమ్ములు తగిలించి, బురదలో తలకిందులుగా పడేసి, కలర్ ప్రింట్ తీసుకెళ్ళాను. చూడు తాతా, నువ్వెప్పుడన్నా ఇట్లా పడ్డావా, కంప్యూటర్ ఎంత అబద్ధమాడుతుందో చూడు అన్నాను.

తాత చూశాడు. ప్రింట్ తిరిగి నా చేతిలో పెట్టేశాడు. ఏంది బిడ్డా, ఇప్పుడు నన్ను గూడ పడేసినవా అన్నాడు.

నా బుద్ధికి చెప్పుతో కొట్టుకోవాలి.

14 మే
పంచాయితీలో గట్టిగా చెప్పు, పడలేదని చెప్పు అని నాయినని బతిమాలాను. పడ్డది నా మొకమే గదా బిడ్డా అన్నాడు. ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది. ఆయనకి రాలేదు.

2 జూన్
కొమ్ములు మా వంశంలో తర్వాతి మగవాడికి పోతాయని పంచాయితీలో తేల్చారు. అంటే వీరబాబు అన్నకి. వాడు వద్దనలేదు.

8 జూన్, భూమి పండుగ
అన్నకి కొమ్ములు కట్టుకోవడం చేతకాలేదు. నాయినే కట్టాడు. జారిపోకుండా, గట్టిగా.