తడిబట్టల నెపం

పై వాటాలో ఉంటున్న ఇంటి ఓనరు గారికి,

కింది వాటాలో బట్టలు కుట్టే నేను రాస్తున్నాను. మా పడకగది గోడకు చెమ్మెక్కి బూజు పట్టిందని చెబితే, "తడిబట్టలు లోపల ఆరేస్తే అంతేనమ్మా, నచ్చకపోతే ఖాళీ చేసెయ్" అన్నారు. అత్తయ్యకు దగ్గు ముదిరి, డాక్టరు ఆ గదిలో పడుకోవద్దన్నాక, ఇంటికి తాళం వేసి పది రోజులు చెల్లెలింట్లో ఉన్నాం. ఒక్క గుడ్డ కూడా ఇక్కడ ఆరేయలేదు. తిరిగొచ్చేసరికి మరక కిటికీ దాకా పాకింది.

ప్లంబరును పిలిచి చూపించాను. "ఇది పై బాత్రూం పైపు లీకు అక్కా" అన్నాడు.

నేను ఖాళీ చేయను. మీ పైపు బాగయ్యేదాకా అత్తయ్య మీ ముందు గదిలో పడుకుంటుంది. రేపు పొద్దున్నే పరుపుతో వస్తున్నాం. తలుపు తీసి ఉంచండి.

ఇట్లు,
కింది వాటాలోనే ఉండబోయే మనిషి