తెర మీద తువ్వాలు

డులూత్, మార్చి 4

ప్రియమైన ఐలీ అక్కకు,

ఈ ఉత్తరాన్ని నీకు నీ కంప్యూటర్‌లోని గొంతు చదివి వినిపిస్తుంది. పదకొండేళ్లుగా నేను బాగుచేస్తూ వస్తున్న గొంతే నా తప్పును నీకు చదవాలి. సిగ్గుగా ఉంది. అంతకన్నా భయంగా ఉంది.

ముందు ఒక మాట. వచ్చే మంగళవారం నీ కంప్యూటర్ కొత్త వెర్షన్ వేసుకోమంటుంది. నొక్కకు. ఎన్నిసార్లు అడిగినా నొక్కకు.

కంప్యూటర్‌ని నడిపే మా సాఫ్ట్‌వేర్ ఎవరి సొత్తూ కాదు. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, ఎవరైనా బాగుచేయవచ్చు. కానీ చూపులేని వాళ్ల కోసం బాగుచేసేది ఇద్దరు ముగ్గురమే, అదీ సెలవు రోజుల్లో. అలాంటిది నిరుడు ఒక ఫౌండేషన్ జీతమిచ్చి, ఏడాది పాటు ఈ ఒక్క పనే చెయ్యమంది. తెర మీద బొమ్మలూ అక్షరాలూ గీసే పద్ధతి మొత్తం మారుతోంది, ఆ మార్పులో గొంతు మూగబోకుండా చూడాలి. ఉద్యోగం మానేసి దిగాను.

తొలి రోజుల్లో నువ్వు ఆవిరిస్నానాల గదిలోంచి తువ్వాలు తెచ్చి నా తెర మీద కప్పావు. "ఇప్పుడు చెయ్యరా పని, తెలుస్తుంది నీకు" అన్నావు. పదేళ్లు ఆ తువ్వాలు కప్పకుండా ఒక్క మార్పు కూడా బయటికి పంపలేదు. క్రిస్మస్ తర్వాత గడువు తరుముకొచ్చింది. తువ్వాలు కొక్కేనికే ఉండిపోయింది. తెర మీది ప్రతి బొత్తానికీ గొంతు చదవడానికి పేరుందో లేదో కంప్యూటర్ తనే పరీక్షించి ఆకుపచ్చ టిక్కులు పెడుతోంది కదా అనుకున్నాను. కొత్త వెర్షన్ల విడుదల చూసే టాడ్ కూడా, "అన్నీ పచ్చగానే ఉన్నాయి కదయ్యా, ఇంకా ఏంటి నీ నస? పంపించెయ్" అన్నాడు. ఫౌండేషన్‌కి "పని పూర్తయింది" అని రాసి సంతకం పెట్టాను.

నిన్న మధ్యాహ్నం గది సర్దుతుంటే తువ్వాలు చేతికి తగిలింది. ఊరికే కప్పి చూశాను. కంప్యూటర్‌కి తాళం వేసి మళ్లీ తెరవబోయాను. గొంతు పలకలేదు. అంచు ఎత్తి చూస్తే పాస్‌వర్డ్ గడి బుద్ధిగా కూర్చుని ఉంది. ఆ గుమ్మం నేను వెయ్యిసార్లు దాటాను, కళ్లతో. మా పరీక్షలన్నీ లోపలికి వెళ్లాకే మొదలవుతాయి. గుమ్మం దగ్గర ఏమవుతుందో ఎవరూ అడగలేదు.

చెబితే ఫౌండేషన్ నన్ను అబద్ధాలకోరు అంటుంది. రెండో ఏడాది సాయం పోతుంది. రేపు మరొకరు ఇదే పని కోసం వెళ్లి అడిగినా నా పేరు చెప్పి తలుపు వేస్తారు. అందుకే నోరు మూసుకుని రెండు వారాల్లో గుట్టుగా సరిచేద్దామని నిర్ణయించుకున్నాను. నువ్వు మాత్రం నొక్కకు. ఈ మంచు రోజుల్లో నీ ఆఫీసు కంప్యూటర్ మూగబోతే మీ పై అధికారి వెర్నా నిన్ను ఉంచుతుందా? చదివాక దీన్ని చెరిపెయ్యి.

నీ తమ్ముడు,
రేనో


హోటన్, మార్చి 6

ఒరేయ్ రేనో,

ఆలస్యం చేశావు. మూడు వారాల క్రితమే నొక్కేశాను.

నా తమ్ముడి కష్టం అందరికన్నా ముందు నేనే వినాలని, పరీక్షకు వదిలిన వెర్షన్‌ని ఆఫీసులో వేసుకున్నాను. పొద్దున్నే కూర్చుంటే ఉలుకూ పలుకూ లేదు. మంచు తోసే బళ్లు ఏ రోడ్డుకు వెళ్లాలో చెప్పాల్సింది నేను. ఫోన్లు మోగుతున్నాయి. వెర్నా వచ్చి, "ఏం ఐలీ, అలిగిందా నీ పెట్టె?" అంది. నవ్వేసి, ఆ నిశ్శబ్దంలోనే పాస్‌వర్డ్ కొట్టాను. మూడోసారికి తెరుచుకుంది. అదీ తప్పితే పూర్తిగా తాళం పడిపోయేది. ఆ రోజు నుంచీ ప్రతి ఉదయం గుండె దడదడలాడుతూనే ఆ కుర్చీలో కూర్చుంటున్నాను.

నీకెందుకు చెప్పలేదంటావా? మొదటి వారమంతా తప్పు నాదే అనుకున్నాను. చూపులేని మాకది అలవాటురా. ఏదైనా పలక్కపోతే, మేమే ఏదో తప్పు మీట నొక్కి ఉంటామనుకుంటాం. తర్వాత నీ పనిలోదే అని అర్థమైంది. చెబితే నీ జీతం పోతుందని భయపడ్డాను. నువ్వు నన్నొక్కదాన్ని కాపాడదామనుకున్నావు, నేను నిన్నొక్కణ్ణి. మిగతావాళ్లు ఏమైపోవాలి?

అందుకే మీ సాఫ్ట్‌వేర్‌లో దొరికిన తప్పులు రాసే, అందరూ చదివే జాబితాలో నా పేరుతోనే రాశాను: "నేను లోపలికి వెళ్లలేకపోతున్నాను." నువ్వు ఆపుతావని, ఈ జవాబు కన్నా ముందే రాసేశాను. వెర్నాకీ చెప్పాను. "మూడు వారాల నుంచీ గుడ్డిగా కొడుతున్నావా? చెప్పి చావొచ్చుగా!" అని అరిచి, వెంటనే నాలుక కరుచుకుంది. నాకు నవ్వాగలేదు.

నీ మీద కోపం ఉంది. తువ్వాలు కప్పు.

అక్క,
ఐలీ


డులూత్, మార్చి 12

అక్కా,

నీ మాట కింద సాయంత్రానికి నలభై మంది "నాకూ అంతే" అని రాశారు. ఒక్కొక్కరూ తప్పు తమదే అనుకున్నారట. అన్నీ కూర్చుని చదివాను. టాడ్ ఫోన్ చేశాడు. తువ్వాలు కప్పి చూడకుండానే పంపానని ఒప్పుకున్నాను. "విడుదల ఆపేశాను. నిన్ను తిట్టాలని ఉంది గానీ, ముందు ఆ తువ్వాలు సంగతేంటో చెప్పు" అన్నాడు.

ఫౌండేషన్ ఆవిడకి నేనే ఫోన్ చేసి, "పూర్తయింది" అన్న మాట అబద్ధమని చెప్పాను. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. నీ ఉదయాలు ఎలా గడిచాయో ఆ కాసేపట్లో తెలిసింది. చివరికి, "రెండో ఏడాది సంగతి నా చేతుల్లో లేదు, కమిటీ తేలుస్తుంది. అవునూ, చూపులేని వాళ్లతో పరీక్ష చేయించారా? అందుకు వాళ్లకు డబ్బేమైనా ఇచ్చారా?" అంది. లేదన్నాను. నా పేరు కొట్టేసినా సరే, ఆ నలభై మందిలో ఎవరికైనా జీతమిచ్చి గుమ్మం దగ్గర పరీక్షకు కూర్చోబెట్టమన్నాను. రాసుకుంది. ఒప్పుకుందో లేదో తెలియదు.

మూడు రోజులుగా తువ్వాలు కిందే పని చేస్తున్నాను. ఇవాళ తాళం వేసి తెరవబోతే, ఆ గొంతు "పాస్‌వర్డ్" అంది. అంచు ఎత్తి చూడాలనిపించింది. ఎత్తలేదు.

సరిచేసింది నీకు పంపాను. ఇప్పుడు నొక్కు అక్కా. నాకింకా భయంగానే ఉంది. నీకు ఏం వినిపించిందో రాసేదాకా ఈ తువ్వాలు తియ్యను.

నీ
రేనో